నెల్లూరు నుంచి నల్లమల అంచు దాకా: కారవాన్‌కు దారి వేసుకోవడం, బండిని కాపాడుకోవడం

నెల్లూరు చుట్టుపక్కల కారవాన్ అంటే సినిమావాళ్ల బండి అనే లెక్క. ఎక్కడ ఆపినా ముందు పిల్లలు చేరతారు, వాళ్ల వెనక పెద్దవాళ్లు వస్తారు. “ఏందన్నా, షూటింగా? హీరో ఎవరు?” అని అడుగుతారు. లోపల్నుంచి మా అమ్మ మోకాళ్లు పట్టుకుంటూ దిగేసరికి వాళ్ల ఉత్సాహం సగం చల్లారిపోతుంది. అసలు ఈ బండి కొన్నది ఆమె కోసమే. డెబ్బై దాటిన మనిషి. నేల మీద కూర్చోలేదు, లాడ్జి బాత్రూముల్లో జారిపడతానని భయం, బయటి తిండి పడదు. గుళ్లూ కోనలూ చూడాలని మాత్రం గట్టిగా ఉంటుంది. మంచం, కమోడ్, గ్యాస్ పొయ్యి మనతోపాటే వస్తే ఈ బాధలన్నీ ఉండవు కదా అని, టెంపో ట్రావెలర్ మీద కట్టిన సెకండ్ హ్యాండ్ కారవాన్ ఒకటి తీసుకున్నాం.

కొనేటప్పుడు నేను పట్టుబట్టింది ఒక్క విషయం మీదే. ఆర్‌సీలో మోటార్ కారవాన్ అని ఉండాలి. పాసింజర్ ట్రావెలర్ కొని, సీట్లు పీకేసి, మంచాలు బిగించి అమ్మేవాళ్లు ఉన్నారు. రేటు తక్కువే. కానీ కంపెనీ ఇచ్చిన వివరాలకూ ఆర్‌సీలో ఎక్కినవాటికీ తేడా వచ్చేలా బండిని సొంతంగా మార్చడానికి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. మోటార్ కారవాన్లకు ఏఐఎస్-124 అని విడిగా ప్రమాణమే ఉంది. యాక్సిడెంట్ జరిగిన రోజు ఇన్సూరెన్సువాళ్లు మొదట తిరగేసేది ఆర్‌సీనే కాబట్టి ఇక్కడ బేరాలు వద్దనుకున్నాను. లైసెన్సుకు ఇబ్బంది లేదు. మొత్తం బరువు 7,500 కిలోలు దాటని బండి కనక నా కారు లైసెన్సే సరిపోయింది.

కారులో తిరిగినన్నాళ్లూ మా లెక్క సులువు. చూడాల్సినవి రాసుకోవడం, పొద్దున్నే బయలుదేరడం, చీకటి పడితే దగ్గర్లో ఉన్న ఊళ్లో లాడ్జి చూసుకోవడం. కారవాన్‌తో ఆ లెక్క నడవదు. రాత్రికి బండి ఎక్కడ నిలబెడతామో ముందు తేలాలి. అది తేలాక అక్కడికి పోయే దారి, ఆ దారిలో నీళ్లు పట్టుకునే చోటు, డీజిల్. గుడో బీచో ఆ తర్వాతే. ఇలా రాత్రి దగ్గర మొదలుపెట్టి పొద్దుటికి లెక్క కట్టుకుంటూ వస్తేనే ప్రయాణం సాఫీగా సాగుతుంది. దీనికోసం మా ఆవిడ ఒక నోటుపుస్తకం పెట్టింది. ఊరికో పేజీ. బండి ఆపిన చోటు, నేల తీరు, నీళ్లు తీపో ఉప్పో, రాత్రి సందడి ఎంత, ఎవరిని అడిగితే పని అవుతుంది. ఫోనులో మ్యాపు ఎన్నిసార్లు మారినా మేం ముందు తీసేది ఆ పుస్తకమే.

ఆగే చోటుకు మా షరతులు కొన్ని ఉన్నాయి. నేల గట్టిగా, చదునుగా ఉండాలి. బండి ఒక పక్కకు ఒరిగిందంటే మంచం మీద మనిషి గోడకు దొర్లిపోతాడు, సింకులో నీళ్లు కిందికి దిగవు. చెరువు కట్ట కింద, కాలవ పక్క పల్లంలో ఆపకూడదు. కొబ్బరి, తాటి చెట్ల కింద అసలే వద్దు. టాప్ మీద ఉన్న సోలార్ ప్యానెల్‌ మీద ఒక్క తాటిపండు పడితే చాలు, మళ్లీ వేలల్లో ఖర్చు. బండిని రివర్స్‌లో పెట్టి మూతి రోడ్డు వైపు ఉంచుకోవాలి. రాత్రిపూట అమ్మకు ఒంట్లో బాగోలేకపోతే స్టార్ట్ చేసి ముందుకు లాగేయడమే. అన్నిటికన్నా ముఖ్యం సాయంత్రం నాలుగు, నాలుగున్నరకల్లా చేరిపోవడం. వెలుతురుంటే నేల కనబడుతుంది, చుట్టుపక్కలవాళ్లతో నాలుగు మాటలు మాట్లాడొచ్చు, నచ్చకపోతే ఇంకో చోటు వెతుక్కోవచ్చు. చీకట్లో ఇంత పెద్ద తెల్ల బండి ఊళ్లోకి వస్తే ఊరివాళ్లకూ అనుమానమే, మనకూ టెన్షనే.

మొదట్లో హైవే మీద పెట్రోలు బంకులే సుఖం అనుకున్నాం. నెల్లూరు నుంచి ఒంగోలు దాకా 16వ నంబరు జాతీయ రహదారి పక్కన పెద్ద బంకులకు కొదవ లేదు. డీజిల్ కొట్టించుకుని మేనేజరును మర్యాదగా అడిగితే ఓ మూల ఆపుకోమంటారు. కుళాయి ఉంటుంది, కెమెరాలు ఉంటాయి. తీరా పడుకున్నాక తెలిసొచ్చింది రొయ్యల కంటైనర్ల సంగతి. సరుకు చెడిపోకుండా ఆ బండ్ల కూలింగ్ మోటార్లు రాత్రంతా మోగుతూనే ఉంటాయి. పక్కన రెండు కంటైనర్లు నిలబడ్డాయంటే ఇక నిద్ర లేనట్టే. ఇప్పుడు బంకులో ఆగాల్సి వస్తే లారీలు నిలిచే వైపు కాకుండా ఆఫీసు గది వెనక చోటు అడుగుతాం. గుళ్ల దగ్గర వాహనాలు నిలిపే స్థలం ఇంతకన్నా నయం, అమ్మకూ ఇష్టం. సముద్రం ఒడ్డు పల్లెల్లో అయితే ముందు ఊరి పెద్దల్ని కలిసి, ఎవరిమో ఎందుకొచ్చామో చెప్పి, వాళ్లు చూపించిన చోటే ఆపుతాం. అలా అడిగినందుకు చాలాసార్లు చేపలు కూడా వచ్చాయి. అమ్మ పులుసు పెట్టి ఇచ్చినవాళ్లకే ఒక గిన్నె పంపేది.

దారి విషయంలో నేను నమ్మేది పల్లెవెలుగు బస్సును. ఆర్టీసీ బస్సు రోజూ పోయివచ్చే రోడ్డయితే మా బండికీ ఢోకా లేదు. ఎత్తు, వెడల్పు, మలుపులు, కల్వర్టు బలం అన్నీ ఆ బస్సే పరీక్షించి పెట్టి ఉంటుంది. ఫోను దగ్గరి దారి అని చూపించేవాటిలో కాలవ గట్లు, రొయ్యల గుంటల మధ్య కట్టలు, ఊళ్లలో సందులు బోలెడు. కారు పోతుంది, ఇది పోదు. కొత్త ఊరికి పోయేముందు అక్కడి బస్టాండులోనో టీకొట్టులోనో “బస్సు ఇటు పోతుందా?” అని అడిగితే మ్యాపు చెప్పనివి కూడా చెబుతారు. కల్వర్టు కూలిందనీ, తిరునాళ్లకు దారి మళ్లించారనీ తెలిసింది ఇలాగే.

ఎత్తు గురించి విడిగా చెప్పాలి. మా బండి ఏసీ పెట్టెతో కలుపుకుని మూడు మీటర్లకు కాస్త తక్కువ. స్తంభం నుంచి ఇంటికి అడ్డంగా లాగిన సర్వీసు వైర్లు, పండగ తోరణాలు, పెళ్లి పందిళ్లు ఆ ఎత్తులోనే ఉంటాయి. నేల నుంచి అన్నిటికన్నా పైనున్న భాగం దాకా టేపుతో కొలిచి, ఆ అంకెను స్టీరింగు ఎదురుగా అంటించుకున్నాను. రైల్వే అండర్ బ్రిడ్జి ముందు ఎత్తు రాసిన ఇనుప దూలం కనబడగానే రెండు అంకెలూ పోల్చుకుంటే సరి. నెల్లూరు ఊళ్లోనే మాగుంట లేఅవుట్, రామలింగాపురం, ఆత్మకూరు బస్టాండు అండర్ బ్రిడ్జిలున్నాయి. గట్టి వాన పడితే వాటి కింద నీళ్లు నిలుస్తాయని ఊళ్లో చిన్నపిల్లలకూ తెలుసు. దాంతో వానాకాలంలో ఇంటి గేటు దగ్గరే మా దారి మార్పు మొదలవుతుంది.

మ్యాపు రెండు గంటలంటే నేను మూడు గంటలు వేసుకుంటాను. హైవే మీద 70 దాటించను, లోపలి రోడ్ల మీద 40 దగ్గరే నడుపుతాను. రోజుకు 150 కిలోమీటర్లు దాటితే అమ్మకు నడుం పట్టేస్తుంది, నాకు విసుగొస్తుంది. డీజిల్ లీటరుకు తొమ్మిది, పది కిలోమీటర్లు వస్తే మా బండికి అదే గొప్ప.

మేం ఎక్కువగా తిరిగే చుట్టు ఒకటుంది. నెల్లూరు నుంచి ఇందుకూరుపేట మీదుగా మైపాడు. తిరిగి హైవే ఎక్కి కావలి, ఉలవపాడు, సింగరాయకొండ, ఒంగోలు పక్కన కొత్తపట్నం. మధ్యలో ముసునూరు, టంగుటూరు టోలుగేట్లు. ఒంగోలు నుంచి లోపలికి తిరిగి చీమకుర్తి, పొదిలి, మార్కాపురం, కంభం. వెనక్కి వచ్చేటప్పుడు కనిగిరి, పామూరు, భైరవకోన, ఉదయగిరి, ఆత్మకూరు. ఒకే చుట్టులో సముద్రం, మెట్ట, అడవి మూడూ వస్తాయి. ఈ మూడూ బండిని మూడు రకాలుగా సతాయిస్తాయి. సర్వీసు పుస్తకంలో కిలోమీటర్లను బట్టి రాసిన పనులు ఎలాగూ తప్పవు. వాటికి తోడు ఏ నేల మీద తిరిగొచ్చామో చూసుకుని చేసే పనులే మా బండికి ఎక్కువ మేలు చేశాయి.

సముద్రం దగ్గర అందరూ ఇసుకకు భయపడతారు. తారు రోడ్డో సిమెంటు రోడ్డో దాటి చక్రం దించకపోతే ఇసుకతో గొడవ లేదు. కొత్తపట్నంలో మా పక్కనే ఓ మినీ బస్సు అలల దాకా పోదామని ఇసుకలోకి దిగి ఇరుక్కుంది. ఎంత యాక్సిలేటర్ తొక్కితే అంత లోతుకు దిగింది. చివరికి ట్రాక్టరు తెచ్చి లాగారు. నేను భయపడేది ఉప్పుగాలికి. కంటికి కనబడదు, ఒక్క రాత్రిలోనే చాసీ మీద, కమాన్ కట్టల మీద, బ్రేకు పైపుల మీద పేరుకుంటుంది. బీచ్ దగ్గర పడుకున్న మర్నాడే ఒంగోల్లో వాటర్ సర్వీసింగ్ దగ్గర ఆపి, పైన కన్నా ముందు కింద కడగమని చెబుతాను. వాళ్లు షాంపూ నురగతో బాడీ మెరిపించాలని చూస్తారు. “అది తర్వాత, ముందు కిందికి కొట్టు తమ్ముడూ” అని పక్కన నిలబడి చాసీ, చక్రాల లోపలి వైపు, సైలెన్సరు కొక్కేలు అన్నీ కడిగించాలి. ఆరాక తలుపు కీళ్లకు, తాళాలకు నూనె చుక్క, బ్యాటరీ టెర్మినళ్లకు పెట్రోలియం జెల్లీ. సోలార్ ప్యానెల్ మీద కూడా ఉప్పు పొర కడుతుంది. తడిగుడ్డతో తుడిస్తే మధ్యాహ్నం చార్జింగులో తేడా మీటరులోనే కనబడుతుంది.

నీళ్ల విషయం అన్నిటికన్నా తలనొప్పి. మా టాంకు 100 లీటర్లు. ముగ్గురం బకెట్టూ మగ్గుతో పొదుపుగా వాడుకుంటే రోజుకు ముప్పై, ముప్పై ఐదు లీటర్లు. అంటే మూడో రోజు సాయంత్రానికి మళ్లీ నింపాలి, ఆ చోటు ఎక్కడో ముందే తెలియాలి. తీరంలో బోరు నీళ్లు ఉప్పు. పడమటి మెట్టలో, ముఖ్యంగా కనిగిరి వైపు, భూగర్భజలాల్లో ఫ్లోరైడ్ ఎక్కువ. పళ్లు గారపట్టి, ఎముకలు వంకరపోయినవాళ్లు ఆ ఊళ్లలో ఎందరో ఉన్నారు. నీళ్లు కాస్తే ఫ్లోరైడ్ పోతుందనుకుంటారు కొందరు. పోదు సరికదా, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. అందుకని తాగడానికి, వంటకు ఇరవై లీటర్ల క్యాన్లు వేరుగా పెట్టుకుంటాం. టాంకు నీళ్లు స్నానానికి, గిన్నెలకు, కమోడ్‌కు మాత్రమే. నెల్లూరులో నిండుగా పట్టుకుని బయలుదేరి, ఒంగోల్లో ఒకసారి, మార్కాపురంలో ఒకసారి నింపితే తిరిగి ఇంటికొచ్చేదాకా పెద్దగా వెతుక్కోనక్కర్లేదు.

ఊరికి తిరిగొచ్చాక టాంకులో నీళ్లు అలాగే వదిలేస్తే వారంలో వాసన వస్తుంది. పూర్తిగా ఖాళీ చేసి, బకెట్టు నీళ్లలో చెంచాడు బ్లీచింగ్ పౌడర్ కలిపి, పైన తేరిన తేట మాత్రం టాంకులో పోసి, నిండా నీళ్లు పట్టి రాత్రంతా ఉంచుతాను. పొద్దున కుళాయిలన్నీ తిప్పి వదిలేసి, మంచినీళ్లతో వాసన పోయేదాకా కడుగుతాను. ఇక కమోడ్ పెట్టె సంగతి. దాన్ని ఖాళీ చేయడం ఎవరికీ ఇష్టం లేని పని, మా ఇంట్లో అది నా వాటా. బంకు టాయిలెట్లో అడిగి ఖాళీ చేసి, కడిగి, వాళ్ల కుర్రాడి చేతిలో ఎంతో కొంత పెడతాను. కాలవలో, చేల పక్కన వంపడం మాత్రం ఎన్నడూ లేదు.

చీమకుర్తి దగ్గరికి రాగానే బరువు అంటే ఏమిటో కళ్ల ముందు కనబడుతుంది. బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ దిమ్మెలతో లారీలు మూలుగుతూ పోతుంటాయి, వాటి కింద రోడ్డు తల్లడిల్లుతుంటుంది. వాటిని చూశాకే మా బండి బరువెంతో తేల్చుకోవాలనిపించింది. నెల్లూరులో రైసుమిల్లు పక్కనున్న కాటాకు తీసుకుపోయాను. ప్రయాణానికి పోయినట్టే నిండా నీళ్లు, డీజిల్, సామాను, ముగ్గురు మనుషులు. మొదట మొత్తం బండి, తర్వాత ముందు చక్రాలు మాత్రం కాటా మీద, ఆ తర్వాత వెనక చక్రాలు మాత్రం. కాటా కుర్రాడికి ఇదేం పిచ్చో అర్థం కాలేదు. “వడ్లు ఏవన్నా?” అని నవ్వాడు.

మొత్తం బరువు ఆర్‌సీలో రాసిన దానికన్నా తక్కువే వచ్చింది. వెనక ఇరుసు మీద మాత్రం హద్దు అంచుకు చేరింది. కారణం వెతికితే, మొదట కట్టినవాళ్లు నీళ్ల టాంకును వెనక ఇరుసు దాటించి చివర్లో పెట్టారు. ఇరుసుకు వెనక పెట్టిన 100 కిలోలు వెనక చక్రాల మీద 100 కన్నా ఎక్కువే మోపుతాయి, ముందు చక్రాల మీద బరువు ఆ మేరకు తగ్గుతుంది. హైవే మీద గాలి కొట్టినప్పుడు స్టీరింగు తేలిగ్గా అనిపించేది ఎందుకో అప్పుడు అర్థమైంది. టాంకును కదపడం పెద్ద పని కనక బరువైన సామానంతా ముందు మంచం కిందికి మార్చాం. తాగునీటి క్యాన్లు డ్రైవరు సీటు వెనక్కి వచ్చాయి. నీళ్లు దొరికే ఊళ్లున్న దారిలో సగం టాంకుతోనే నడుపుతాను. అమ్మ చిన్న రోలు ఒకటి ఉంది, అది లేకుండా పచ్చడి చేయనంటుంది. దాన్ని దింపమని చెప్పే ధైర్యం నాకూ లేదు, మా ఆవిడకూ లేదు. కాటా లెక్కలో అదీ ఉంది.

టైర్ల గురించి తెలిసిందంతా ఆటోనగర్లో మా మెకానిక్ భాయ్ చలవ. బండి కొన్న కొత్తలో చూపించడానికి తీసుకెళ్తే, ఇంజన్ చూడకుండా ముందు టైరు పక్కన గొంతుక్కూర్చున్నాడు. “గ్రిప్పు చూసి మోసపోవద్దన్నా, పుట్టినతేదీ చూడు” అన్నాడు. టైరు పక్క గోడ మీద డీఓటీ అని మొదలయ్యే వరసలో చివర నాలుగు అంకెలుంటాయి. 1417 అని ఉంటే 2017లో 14వ వారం తయారైందని. మా ట్రావెలర్ టైర్లకు గ్రిప్పు నిండుగా ఉంది, వయసు మాత్రం అయిపోయింది. కారవాన్లు తిరిగేది తక్కువ, నిలబడేది ఎక్కువ. అరగకముందే రబ్బరు ఎండకు పగుళ్లిచ్చి చస్తుంది. ఆరేళ్లు దాటితే గ్రిప్పుతో సంబంధం లేకుండా మార్చేయమని అతని మాట. స్టెప్నీతో సహా మార్చేశాం. ఒకేసారి అంత డబ్బు పెట్టడం కష్టమనిపించింది గానీ, మే నెల ఎండలో టంగుటూరు దగ్గర రోడ్డు పక్కన జాకీ వేసుకోవడం కన్నా అదే నయం.

గాలి పొద్దున్నే, బండి కదలకముందే చూసుకోవాలి. ఎండలో గంట నడిచిన టైరులో గాలి ఎక్కువ చూపిస్తుంది. పంక్చర్ షాపువాడు అది చూసి కాస్త తీసేశాడంటే చల్లారాక తక్కువైపోతుంది. తక్కువ గాలితో నడిచే టైరు పక్క గోడలు వంగి వంగి వేడెక్కుతాయి, పేలేది ఎక్కువగా అలాంటివే. అందుకని సొంతంగా ఒక గేజీ, బండి బ్యాటరీతో నడిచే చిన్న పంపు కొనుక్కున్నాను. ఎంత గాలి ఉండాలో తలుపు చట్రం మీద అంటించిన కాగితంలో ఉంటుంది. వెనక ఇరుసు బరువు కాటా మీద తేలాక అంకె వేసుకోవడం ఇంకా తేలికైంది.

ఇంజన్ పనుల్లో చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. ఆయిలు, ఫిల్టర్లు, ఫ్యాన్ బెల్టు, కూలెంటు ఏ ట్రావెలర్‌కైనా ఒకటే. ఊరూరా మెకానిక్ దొరుకుతాడు, సామానూ దొరుకుతుంది. ఈ బండి మీద కట్టిన కారవాన్నే తీసుకోవడానికి ఇదీ ఒక కారణం. వరికోతలప్పుడు మాత్రం రోడ్డు మీద లేచే నూగు, గడ్డి దుమ్ము రేడియేటరు ముందు దట్టంగా పట్టేస్తుంది. టెంపరేచరు ముల్లు కాస్త పైకి పోతుందంటే ముందు అక్కడ చూడాలి.

మార్కాపురం దాకా వచ్చాక శ్రీశైలం పోకుండా అమ్మ ఊరుకోదు. దోర్నాల నుంచి పైకి పోయే ఘాట్ పులుల అడవి గుండా పోతుంది. అటవీశాఖ గేటు రాత్రి తొమ్మిదికి వేస్తారు, పొద్దున ఆరుకు తీస్తారు. మేం మాత్రం మధ్యాహ్నానికే దోర్నాల దాటేలా చూసుకుంటాం. మధ్యలో ఆపి టీ పెట్టుకుందాం లాంటి సరదాలు అక్కడ కుదరవు. ఎక్కేటప్పుడు డ్రైవరు దగ్గర ఇంజన్‌తో నడిచే ఏసీ ఆపేస్తాను. దిగేటప్పుడు ఏ గేరులో ఎక్కామో అదే గేరులో దిగడం పాత లారీ డ్రైవర్ల పద్ధతి, నేనూ అదే పాటిస్తాను. ఇంజన్ పట్టుకున్నంత పట్టుకుంటుంది, బ్రేకు మీద పడే భారం తగ్గుతుంది. బ్రేకు ఆయిలు గాల్లో తేమ పీల్చుకుంటుంది. పాతబడితే వేడికి అందులో ఆవిరి బుడగలు పుట్టి పెడలు మెత్తబడుతుంది. రెండేళ్లకోసారి మార్పించడం ఖర్చు కింద లెక్క కాదు.

కంభంలో గుండ్లకమ్మకు అడ్డంగా విజయనగర కాలంలో కట్టిన పెద్ద చెరువు ఉంది. కట్ట మీద బండి ఆపకుండా ఊళ్లో ఆపి నడిచి చూడాలి. భైరవకోనలో కొండను తొలిచిన ఎనిమిది శివాలయాలు, పక్కనే జలపాతం. కోన దాకా రోడ్డుంది గానీ రాత్రి ఉండాలంటే ముందే అక్కడివాళ్లను అడగడం మంచిది. కొండ గుళ్ల దగ్గర అసలు గొడవ కోతులతో. కిటికీ దోమతెర చింపి లోపల అరటిపళ్ల గెల ఎత్తుకుపోయింది ఒకటి. పెంచలకోనలో కిటికీ అద్దాలన్నీ మూసి, రూఫ్ ఫ్యాన్ మాత్రం తిప్పుకుంటాం. వైశాఖ మాసంలో అక్కడ బ్రహ్మోత్సవాలు. ఆ రోజుల్లో రాపూరు నుంచే బండ్ల వరస ఉంటుంది కనక మా బండిని అటు తిప్పను.

కరెంటు లెక్క ఒకసారి కాగితం మీద వేసుకుంటే సగం గొడవలు తీరిపోతాయి. ఇంజన్ బ్యాటరీ కాకుండా, ఫ్రిజ్, ఫ్యాన్లు, లైట్ల కోసం బండిలో విడిగా పెట్టిన బ్యాటరీ మామూలు ట్యూబులర్‌ది, 12 వోల్టులు, 150 ఆంపియర్ అవర్లు. గుణిస్తే 1,800 వాట్ అవర్లు, కానీ ఇలాంటి బ్యాటరీని సగానికి మించి వాడితే తొందరగా పాడవుతుంది. చేతికొచ్చేది 900. చిన్న ఫ్రిజ్ రోజుకు ఐదొందల దాకా తింటుంది, ఎండాకాలం ఇంకా ఎక్కువ. ఫ్యాన్లు, లైట్లు, నీళ్ల మోటారు కలిపి మూడొందలు. 200 వాట్ల ప్యానెల్ మంచి ఎండ రోజున ఏడెనిమిది వందలు ఇస్తుంది. సరిపోయినట్టే ఉంటుంది, మబ్బు పట్టనంతవరకూ. ఇందులో తిరకాసు ఏమిటంటే, ప్యానెల్‌కు ఎండ కావాలి, మనకు నీడ కావాలి. పైగా ప్యానెల్ వేడెక్కేకొద్దీ కరెంటు తగ్గుతుంది. అందుకని పదింటిదాకా ఎండలో ఉంచి, తర్వాత నీడకు జరుపుతాం. టాప్ మీది ఏసీ ఈ బ్యాటరీ మీద నడవదు. బయటి కరెంటు దొరికినచోటే. కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో మేం ఎక్కడికీ పోం. ఒంగోలు ఎండను ఈ ఇనుప డబ్బాలో కూర్చుని భరించడం మనిషి తరం కాదు. సంక్రాంతి ముందూ వెనకా మాకు మంచి కాలం.

గ్యాసుకు ఐదు కిలోల చిన్న సిలిండరు. దాన్ని పెట్టిన అరకు అడుగున గాలి పోయే కంత ఉండాలి, ఎందుకంటే వంటగ్యాసు గాలి కన్నా బరువు, లీకయితే నేల మీద పరుచుకుంటుంది. బండి కదిలే ముందు రెగ్యులేటరు ఆపడం, నెలకోసారి సబ్బు నురగ పూసి బుడగలొస్తున్నాయేమో చూడడం, ట్యూబు మీద తేదీ చూసి ఐదేళ్లకు మార్చడం మా ఆవిడ పని. ఆమె ఆ పని నాకు వదలదు. దోమతెరలకు కూడా ఆమే యజమాని. నెల్లూరు దోమలతో పెరిగినవాళ్లకు వేరే చెప్పాలా!

వానల సంగతి వస్తే, మా వైపు గట్టి వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, తుపాన్లతో కలిసి వస్తాయి. 2021 నవంబరులో పెన్నకు వరదొచ్చి కోవూరు దగ్గర హైవే తెగిపోయింది, పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు కొట్టుకుపోయాయి. ఇటువాళ్లు అటు, అటువాళ్లు ఇటు రోడ్ల మీదే ఉండిపోయారు. ఆ నెలల్లో వాయుగుండం అనే మాట వార్తల్లో వినబడితే ప్రయాణం రద్దు, అంతే. బండిని మాత్రం సెప్టెంబరులోనే వానకు సిద్ధం చేయాలి. టాప్ మీదకెక్కి రూఫ్ ఫ్యాన్ చుట్టూ, ఏసీ చుట్టూ, ప్యానెల్ బోల్టుల దగ్గర పాత సీలెంటు ఎండిపోయి పగిలిందేమో వేలితో నొక్కి చూస్తాను. పగిలిన చోట పైన కొత్తది పూస్తే ఆగదు. పాతది గీకి తీసి, స్పిరిట్‌తో తుడిచి, ఆరాక పూయాలి. తర్వాత ఒకరు పైన పైపుతో నీళ్లు కొడుతుంటే ఇంకొకరు లోపల టార్చితో సీలింగు, అలమరల మూలలు చూడాలి. ఎక్కడో కారిన నీరు ప్లైవుడ్ వెంబడి పాకి ఇంకెక్కడో బయటపడుతుంది. ఒకసారి నీరు మంచం తలవైపు కనబడితే, కారింది మూడడుగుల అవతల ఫ్యాన్ దగ్గర.

ఇంటికొచ్చి నిలబెట్టాక ఎలుకల వంతు. మా వీధి చివర చేలున్నాయి. కోతలు అయిపోగానే ఎలుకలన్నీ తిండికోసం ఇటు మళ్లుతాయి, వెచ్చగా ఉంటుందని బానెట్‌లో దూరి వైర్లు కొరుకుతాయి. ఫ్రిజ్ ఖాళీ చేసి తలుపు తీసి పెట్టడం, బియ్యం, పప్పులు, బిస్కెట్ ముక్క కూడా లేకుండా అరలు తుడవడం, కలరా ఉండలు వేయడం, పదిరోజులకోసారి స్టార్ట్ చేసి వీధి చివరి దాకా నడపడం ఇవన్నీ చేస్తూనే ఉన్నాను. బండి కదిపితే టైర్లకూ మంచిదే, ఒకే చోట నిలబడి చదునెక్కకుండా ఉంటాయి. అయినా ఈమధ్య హెడ్‌లైటు వైరు ఒకటి కొరికేశాయి. బానెట్ కింద కంతలకు సన్న ఇనుప జాలీ కొట్టించమని భాయ్‌కి చెప్పాను. చేతిలో రెండు బస్సుల పని ఉందట, అది అయ్యాక బండి తెచ్చి వదలమన్నాడు.